అడవి టమాటా ఇచ్చిన అండ

టమాటా మొక్క డీఎన్‌ఏలో దాదాపు 90 కోట్ల అక్షరాలుంటాయి, జన్యువులు 35 వేల దాకా ఉంటాయి. ఆ మొక్కను నిలువునా గిడసబార్చే ఆకుముడత వైరస్ డీఎన్‌ఏలో ఉండేవి 2,700 నుంచి 2,800 అక్షరాలు, జన్యువులు ఆరో ఏడో. కొన్ని రకాల్లో అలాంటి డీఎన్‌ఏ వలయాలు రెండుంటాయి, అంతకు మించి లేదు. ఇంత చిన్న సరంజామాతో అంత పెద్ద మొక్కను అది ఎలా లొంగదీసుకుంటుంది? కణంలోకి దూరి, మొక్క తన కోసం సిద్ధం చేసుకున్న యంత్రాంగంతోనే తన నకళ్లు తీయించుకుంటుంది. వైరస్‌కు మందు లేకపోవడానికి కారణం ఇదే. బూజు తెగులుకు ఒక మందు ఉంది, పురుగుకు ఒక మందు ఉంది. మొక్క కణంతో ఇంతగా కలిసిపోయిన వైరస్‌ను మాత్రం విడిగా చంపే మందు రైతుకు ఏ దుకాణంలోనూ దొరకదు.

మదనపల్లెలోనైనా, కోలార్‌లోనైనా టమాటా రైతుకు ఈ తెగులు లక్షణాలు ఒకరు చెప్పనక్కర్లేదు. లేత ఆకుల అంచులు పసుపుబారి ముడుచుకుంటాయి. కణుపుల మధ్య దూరం తగ్గి మొక్క పొదలా కుదించుకుపోతుంది. పూత రాలిపోతుంది. నాటిన మూడు నాలుగు వారాల్లోపే సోకితే ఆ మొక్క మీద ఆశ వదులుకోవాల్సిందే. దీన్ని మోసుకొచ్చేది తెల్లదోమ. మిల్లీమీటరు పొడవుండే ఈ పురుగు రోగమున్న మొక్క మీద అరగంట రసం పీలిస్తే చాలు. వైరస్ దాని పేగుల్లోంచి ఒంట్లోకి, ఒంట్లోంచి లాలాజల గ్రంథుల్లోకి చేరుతుంది. కొన్ని గంటలు గడిచాక ఆ దోమ ఏ లేత మొక్క మీద వాలినా రోగం అంటించగలదు. రైతు వైరస్ పేరు చెప్పి కొనే మందులన్నీ నిజానికి తెల్లదోమ మందులే. ఆ దోమేమో ఒక్కో మందుకూ అలవాటు పడిపోతోంది. మందుకు చచ్చే దోమ కూడా చచ్చేలోపు వైరస్‌ను ఎక్కించేస్తుంది.

కాబట్టి రక్షణ విత్తనంలోనే ఉండాలి. విత్తన శాస్త్రవేత్తలు అరవై, డెబ్బై ఏళ్లుగా చేస్తున్న ప్రయత్నం ఇదే.

భారతదేశంలో టమాటా ఆకుముడతను 1948లోనే శాస్త్రవేత్తలు నమోదు చేశారు. సాగులో ఉన్న రకాల్లో దాన్ని తట్టుకునేది కావాలని వెతికితే ఎక్కడా దొరకలేదు. దొరకకపోవడంలో వింత లేదు. టమాటా పుట్టిల్లు దక్షిణ అమెరికా. అక్కడి నుంచి మెక్సికోకు, అక్కడి నుంచి యూరప్‌కు, పోర్చుగీసు ఓడల్లో మన దేశానికి వచ్చింది. ప్రతి మజిలీలోనూ మనిషి కొన్ని మొక్కల విత్తనాలనే ఎంచి పట్టుకెళ్లాడు. కాయ పెద్దదైంది, ఎర్రబడింది, రుచి పెరిగింది. జన్యు వైవిధ్యం మాత్రం అడవి బంధువులతో పోలిస్తే ఐదు శాతం లోపుకు పడిపోయింది. ఇక తూర్పు దేశాల తెల్లదోమ మోసుకొచ్చే ఈ వైరస్‌లను ఆ మొక్క తన పుట్టింట ఎన్నడూ చూడలేదు.

అందుకని శాస్త్రవేత్తలు ఆండీస్ పర్వతాల వైపు చూశారు. టమాటాకు అక్కడ డజనుకు పైగా అడవి బంధువులున్నాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో పనిచేసిన చార్లెస్ రిక్, పెరూ, చిలీ, ఈక్వడార్ కొండల్లో, ఎడారి అంచుల్లో తిరిగి వాటి విత్తనాలు సేకరించి నంబర్లు వేసి భద్రపరిచాడు. అక్కడి టమాటా జన్యు వనరుల కేంద్రానికి ఇప్పుడు ఆయన పేరే పెట్టారు. అడిగిన పరిశోధకులకు ఆ కేంద్రం చిన్న పొట్లాల్లో విత్తనాలు పంపుతుంది. ఈ రోజు ప్రపంచంలో అమ్ముడుపోతున్న మేలైన టమాటా హైబ్రిడ్లలో చాలావాటి వంశవృక్షం వెనక్కి వెళితే ఇలాంటి పొట్లమే ఏదో ఒకటి తగులుతుంది.

మన కథలో ముఖ్యమైన మలుపు హర్యానాలోని హిసార్‌లో జరిగింది. అక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయంలో కల్లూ, బెనర్జీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ‘సొలానమ్ హబ్రోచైటిస్’ అనే అడవి టమాటా మీద పనిచేశారు. దాని కాయలు చిన్నవి, పండినా పచ్చగానే ఉంటాయి, పైన నూగు ఉంటుంది. తినడానికి పనికిరావు. కానీ బి6013 అనే ఒక నమూనాకు ఆకుముడత అంటలేదు. దాన్ని సాగు టమాటాతో సంకరపరిచి, తరం తర్వాత తరం తెగులున్న పొలంలోనే పెంచి, నిలబడిన మొక్కలను ఏరుకుంటూ వెళ్లారు. అలా పుట్టిన రకం హెచ్-24. రైతులకు అది ‘హిసార్ అన్‌మోల్’ పేరుతో అందింది. 1990లో వారి పరిశోధన పత్రం వెలువడింది.

హెచ్-24 అక్కడితో ఆగలేదు. దక్షిణ తైవాన్‌లోని షాన్హువాలో 1971లో మొదలైన అంతర్జాతీయ కూరగాయల పరిశోధన సంస్థకు చేరింది. ఇప్పుడు ఆ సంస్థ పేరు వరల్డ్‌వెజ్. అక్కడ పీటర్ హాన్సన్ బృందం 2000లో హెచ్-24 డీఎన్‌ఏను పరీక్షించి, అడవి టమాటా నుంచి వచ్చిన ముక్క 11వ క్రోమోజోమ్ మీద ఉందని చూపింది. ఆ ముక్కలోని నిరోధక జన్యువుకు తర్వాత టీవై-2 అని పేరు వచ్చింది. ఆ జన్యువును పట్టుకోవడానికి వాడే డీఎన్‌ఏ గుర్తులను, అది ఉన్న టమాటా లైన్లను ఆ సంస్థ దేశదేశాల విత్తన పరిశోధకులకు పంచింది. దాని దక్షిణాసియా కేంద్రం మన పటాన్‌చెరులో, ఇక్రిశాట్ ఆవరణలోనే ఉంది. హిసార్ పొలంలో ఏరిన జన్యువు తైవాన్ వెళ్లి, పటాన్‌చెరు మీదుగా మళ్లీ ఇక్కడి విత్తన కంపెనీల పొలాలకు చేరింది. దాచుకోకుండా పంచుకోవడం వల్లనే ఇది సాధ్యమైంది. ఇందుకు ఆ శాస్త్రవేత్తలకు కూరగాయల రైతులు ఎంతో రుణపడి ఉన్నారు.

చదవడానికి తేలిగ్గా అనిపించే ఈ సంకరణ, పొలంలో ఏళ్ల తరబడి సాగే పని. అడవి టమాటాకూ సాగు టమాటాకూ పుట్టిన మొదటి తరం మొక్కలో సగం అడవి లక్షణాలే ఉంటాయి. కాయ చిన్నది, రుచి చేదు. దాన్ని మళ్లీ సాగు టమాటాతో కలపాలి. పుట్టిన వాటిలో వైరస్‌ను తట్టుకున్న మొక్కను ఏరాలి, మళ్లీ సాగు టమాటాతో కలపాలి. పరిశోధకులు దీన్ని బ్యాక్‌క్రాస్ అంటారు. ప్రతి విడతకూ అడవి వాటా సగటున సగానికి పడిపోతుంది: 50 శాతం, 25, 12.5, 6.25. లెక్క ప్రకారం ఆరేడు విడతలకు అడవి వాటా ఒక్క శాతం దగ్గరికి వచ్చేయాలి.

కావలసిన జన్యువు చుట్టుపక్కల మాత్రం ఈ లెక్క పనిచేయదు. క్రోమోజోమ్ మీద పక్కపక్కనే ఉన్న జన్యువులు కలిసే ప్రయాణిస్తాయి. వైరస్‌ను ఆపే జన్యువుతో పాటు, దాని పక్కనే ఉండి కాయను చిన్నది చేసేదో, ఆకును పసుపు చేసేదో కూడా వెంట వస్తుంది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో యంగ్, టాంక్స్‌లీ 1989లో ఈ సంగతిని కళ్లకు కట్టేలా చూపించారు. మొజాయిక్ వైరస్‌ను ఆపే టీఎం-2 అనే జన్యువున్న టమాటా రకాలను తీసుకుని, ఒక్కోదానిలో అడవి ముక్క ఎంత మిగిలిందో కొలిచారు. పదకొండు సార్లు బ్యాక్‌క్రాస్ చేసిన ఒక రకంలో కూడా ఆ జన్యువున్న క్రోమోజోమ్ పొట్టి భుజం మొత్తం అడవిదే మిగిలిపోయి ఉంది. పదకొండు తరాల శ్రమ ఆ ముక్క అంచులను కూడా కత్తిరించలేకపోయింది. పైగా టీఎం-2 పక్కనే ఆకులను పాలిపోయేలా చేసి మొక్కను గిడసబార్చే జన్యువు ఒకటి అంటిపెట్టుకుని ఉండేది. అందుకని దాన్ని తల్లి, తండ్రి రెండు వైపుల నుంచీ ఇవ్వడానికి వీలయ్యేది కాదు.

డీఎన్‌ఏ గుర్తులు వచ్చాక పని తీరు మారింది. నారు మొక్క నుంచి ఆకు ముక్క తీసి పరీక్షిస్తే, కావలసిన జన్యువు ఉందో లేదో, దాని పక్కన అడవి డీఎన్‌ఏ తోక ఎంత ఉందో తెలుస్తుంది. మొక్క ఎదిగే దాకా, తెల్లదోమ కుట్టే దాకా, లక్షణాలు కనిపించే దాకా ఆగనక్కర్లేదు. వేల నారు మొక్కల్లో పనికొచ్చే పది పన్నెండింటిని ట్రేలలో ఉండగానే ఏరుకోవచ్చు. అయినా అడవి మొక్క దగ్గర మొదలుపెట్టి రైతు చేతికి పాకెట్ వచ్చేసరికి పదేళ్లు పట్టడం మామూలే.

ఇదే కాలంలో ఇజ్రాయెల్లో మరో దారిలో పని సాగింది. అక్కడి జోర్డాన్ లోయలో 1930ల నుంచే ఈ తెగులు టమాటా సాగును పీడిస్తోంది. అడవి టమాటా నుంచి నిరోధకత తెచ్చుకున్న మొదటి వ్యాపార హైబ్రిడ్ టీవై-20 అక్కడే 1988లో మార్కెట్లోకి వచ్చింది. తర్వాత హీబ్రూ విశ్వవిద్యాలయానికి చెందిన డాని జమీర్ బృందం, చిలీ-పెరూ సరిహద్దు ఎడారి అంచుల్లో పెరిగే ‘సొలానమ్ చిలెన్స్’ నుంచి మరో జన్యువును పట్టుకుంది. రిక్ సేకరణలోని ఎల్‌ఏ1969 అనే నమూనా నుంచి వచ్చిన ఈ జన్యువుకు 1994లో టీవై-1 అని పేరు పెట్టారు. ఇది ఆరో క్రోమోజోమ్ మీద ఉంటుంది. అట్లాంటిక్ దాటిన వైరస్ 1997లో ఫ్లోరిడాలో బయటపడింది. ఆ రాష్ట్ర విశ్వవిద్యాలయం అదే అడవి జాతిలోని ఇతర నమూనాల నుంచి టీవై-3 తెచ్చింది. నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ శాస్త్రవేత్తలు 2013లో రెండింటినీ విప్పిచూసి అవి ఒకే జన్యువు తాలూకు రెండు రూపాలని తేల్చారు. ఆరో క్రోమోజోమ్ మీద ఆ ముక్క ఎందుకు అంత మొండిగా ఉంటుందో కూడా ఆ బృందమే కనిపెట్టింది. సాగు టమాటాతో పోలిస్తే అడవి టమాటాలో అక్కడి డీఎన్‌ఏ తలకిందులుగా తిరిగి ఉంది. రెండూ వరస కలవవు కాబట్టి ముక్కలు మారవు. అంచులు కత్తిరించడానికి విత్తన శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి తంటాలు పడింది ఇందువల్లే.

టీవై-1 చేసే పని వినదగ్గది. మొక్కకు సహజంగానే పరాయి జన్యు సమాచారాన్ని గుర్తించి నోరు నొక్కే ఏర్పాటు ఒకటుంది. వైరస్ నుంచి వెలువడే ఆర్‌ఎన్‌ఏకు జత పోగును తయారు చేసి, దాన్ని చిన్న ముక్కలుగా నరికి, ఆ ముక్కల ఆనవాలుతో వైరస్ డీఎన్‌ఏ మీద రసాయన ముద్రలు వేస్తుంది. ముద్ర పడిన డీఎన్‌ఏ మందగించిపోతుంది. ఈ ఏర్పాటులో జత పోగును తయారు చేసే ఎంజైమ్‌ను టీవై-1 మరింత చురుగ్గా అందిస్తుంది. వైరస్ చావదు. దాని సంఖ్య పెరగదు, మొక్క ఆకులు ముడుచుకోవు, కాయ కాస్తుంది. టీవై-2 తీరు వేరు. అది ఆక్రమణదారును గుర్తించి హెచ్చరిక మోగించే కోవకు చెందిన జన్యువని 2018లో జపాన్ శాస్త్రవేత్తలు చూపారు.

ఇక్కడ రైతు గుర్తుంచుకోవలసిన విషయం ఒకటి ఉంది. టీవై-1 ఉన్న మొక్క బయటికి ఆరోగ్యంగా కనిపించినా దానిలో కొంత వైరస్ ఉంటుంది. తెల్లదోమ దాన్ని పీల్చి పక్క పొలంలోని మామూలు టమాటాకు ఎక్కించగలదు. అందుకనే అంతర్జాతీయ విత్తన వ్యాపారంలో నిరోధకతను రెండు మెట్లుగా రాస్తారు. తెగులును దాదాపు పూర్తిగా ఆపే రకానికి హెచ్‌ఆర్, తగ్గించి తట్టుకునే రకానికి ఐఆర్. ఆకుముడతకు సంబంధించి టమాటా రకాల మీద సాధారణంగా కనిపించేది రెండోదే. ‘వైరస్ రాదు’ అన్న మాటకూ ‘వైరస్ వచ్చినా నిలబడుతుంది’ అన్న మాటకూ పొలంలో చాలా తేడా ఉంటుంది. ఆ తేడా రైతుకు చెప్పకుండా అమ్మడం అన్యాయం.

పైగా వైరస్ ఊరుకోదు. తైవాన్‌లో స్థానిక ఆకుముడత వైరస్ మీద టీవై-2 బాగానే నిలిచింది. తర్వాత థాయిలాండ్‌లో మొదట కనిపించిన మరో వైరస్ ఆ ద్వీపంలోకి ప్రవేశించి వ్యాపించింది. దాని ముందు టీవై-2 ఒక్కటే నిలవలేకపోయింది. మొరాకోలో జరిగింది మరీ ఆసక్తికరం. టీవై-1 ఉన్న హైబ్రిడ్లు విస్తారంగా వేసిన సూస్ లోయలో, రెండు వేర్వేరు ఆకుముడత వైరస్‌ల డీఎన్‌ఏ ముక్కలు కలిసి ఒక కొత్త వైరస్ పుట్టింది. నిరోధక రకాల్లో దానికే ఎక్కువ అవకాశం దొరికింది. కొద్ది సంవత్సరాల్లోనే పాత రెండింటినీ పక్కకు నెట్టేసింది. మనిషి పొలంలో పెట్టిన జన్యువే వైరస్‌లో ఏ రూపం నెగ్గాలో నిర్ణయించింది.

మన దేశానికి మరో చిక్కు ఉంది. ఇక్కడి ఆకుముడత వైరస్‌ల వెంట చాలాచోట్ల బీటా శాటిలైట్ అనే తోడు డీఎన్‌ఏ ఒకటి తిరుగుతుంది. వైరస్‌కు అది తప్పనిసరి కాదు, కానీ తోడుంటే రోగం ముదురుతుంది. ఎందుకంటే మొక్క వేసే ముద్రలను అడ్డుకునే ప్రొటీన్‌ను అది తయారు చేస్తుంది. బీటా శాటిలైట్ ఉన్నచోట టీవై-1 బలం తగ్గుతుందని 2020లో వాగెనింగెన్ శాస్త్రవేత్తలు వెల్లడించారు. దోస మొజాయిక్ వైరస్ అదే మొక్కకు సోకినా ఇదే జరుగుతుందని అంతకుముందే, 2014లో తేలింది. పేనుబంక మోసుకొచ్చే ఆ వైరస్, టీవై-1 ఆధారపడే ఏర్పాటునే దెబ్బతీస్తుంది. కాబట్టి ఇజ్రాయెల్లోనో ఫ్లోరిడాలోనో నెగ్గిన రకం చిత్తూరులో అదే పట్టుతో నిలుస్తుందని ముందుగా అనుకోవడానికి వీల్లేదు. ఇక్కడి పొలంలో, ఇక్కడి వైరస్ ముందు, ఇక్కడి ఎండలో పరీక్షించాలి.

ఇందుకు విరుగుడుగా విత్తన శాస్త్రవేత్తలు జన్యువులను జతచేసి పెడుతున్నారు. టీవై-2 ఒక వైపు, టీవై-3 మరో వైపు. హైబ్రిడ్ విత్తనంలో ఇది వీలుగా ఉంటుంది. ఈ రెండు జన్యువులూ ఒక వైపు నుంచి వచ్చినా పనిచేసే తరహావి కాబట్టి తల్లి లైనులో ఒకటి, తండ్రి లైనులో మరొకటి పెడితే పుట్టే విత్తనంలో రెండూ ఉంటాయి. ఒకదాన్ని దాటిన వైరస్‌కు రెండోది అడ్డుపడుతుంది. బెంగళూరు సమీపంలోని హెసరఘట్టలో ఉన్న భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ 2010లో విడుదల చేసిన ‘అర్క రక్షక్’ మరో అడుగు ముందుకు వేసింది. ఆకుముడత, బాక్టీరియా ఎండు తెగులు, ఆకుమాడు తెగులు, ఈ మూడింటినీ తట్టుకునేలా ఆ హైబ్రిడ్‌ను రూపొందించారు. ఇలాంటి రకానికి వైరస్‌ను తట్టుకోవడం ఒక్కటే చాలదు. మదనపల్లె నుంచి చెన్నైకో, ఇంకా దూరానికో లారీలో వెళ్లేదాకా కాయ గట్టిగా ఉండాలి, ఒకే సైజులో ఉండాలి, పగలకూడదు. వైరస్‌ను గెలిచి మార్కెట్లో ఓడిపోయిన రకాన్ని రైతు రెండోసారి కొనడు.

కొన్ని నిరోధకతలు మాత్రం రెండు వైపుల నుంచీ రావాల్సిందే. టీవై-5 అనే జన్యువు అలాంటిది. అది మొక్కకు కొత్త ఆయుధం ఇవ్వదు. వైరస్ వాడుకునే మొక్క ప్రొటీన్‌నే కొద్దిగా మార్చేస్తుంది. తల్లి నుంచో తండ్రి నుంచో మామూలు రూపం ఒక్కటి వచ్చినా వైరస్‌కు ఆసరా దొరుకుతుంది కాబట్టి మారిన రూపం రెండు వైపుల నుంచీ రావాలి. మిరప, లెట్యూస్ వంటి పంటల్లో పోటీవైరస్‌లు అనే వర్గం మీద పనిచేసే పాత నిరోధక జన్యువులు చాలావరకు ఈ కోవవే. మొక్క తన ప్రొటీన్ల తయారీకి వాడే ఇఐఎఫ్4ఇ అనే పనిముట్టును ఆ వైరస్‌లు పట్టుకుని వేలాడతాయి. ఆ పనిముట్టు ఆకారం కాస్త మారితే వాటికి పట్టు జారుతుంది. 2016లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు దోసలో ఇదే జన్యువును, జన్యు సవరణకు వాడే క్రిస్పర్ పద్ధతితో మార్చి, పరాయి జన్యువు ఏదీ మిగలకుండానే కొన్ని వైరస్‌లను తట్టుకునే మొక్కలు తయారు చేశారు. ఇలా పరాయి జన్యువు లేని మార్పులకు భారత ప్రభుత్వం 2022 మార్చిలో జన్యుమార్పిడి పంటల నిబంధనల్లో కొన్నిటి నుంచి మినహాయింపు ఇచ్చింది. 2025 మేలో ఆ దారిలో మొదట ప్రకటించిన రెండు రకాలూ వరివే. వాటిలో ఒకటి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థలో పుట్టింది. కూరగాయల్లో క్రిస్పర్‌కు చేతినిండా పని ఉంది.

బెండ చరిత్ర టమాటాకు ముందుగానే హెచ్చరిక చేసింది. ఈనెలు పసుపెక్కే పల్లాకు తెగులును (కొన్నిచోట్ల శంఖు రోగం అంటారు) 1924లో బొంబాయి ప్రెసిడెన్సీలో గుర్తించారు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో హర్భజన్ సింగ్ రూపొందించిన ‘పూసా సావని’ 1960 ప్రాంతంలో వచ్చి దేశమంతా పాకింది. ఏళ్ల తరబడి రైతులు మరో రకం వైపు చూడలేదు. క్రమంగా అది కూడా ఈ తెగులుకు లొంగింది. అప్పుడు మహారాష్ట్రలోని పర్భణీ వ్యవసాయ విశ్వవిద్యాలయం అడవి బెండతో పూసా సావనిని కలిపి ‘పర్భణీ క్రాంతి’ని తెచ్చింది. బెంగళూరు సంస్థ మరో అడవి బెండ సాయంతో ‘అర్క అనామిక’ను ఇచ్చింది. ఒకే రకాన్ని దేశమంతా వేస్తే దానిలోని రక్షణ ఎంత తొందరగా అరిగిపోతుందో బెండ రైతులకు అనుభవమే. మిరపలో బొబ్బర తెగులుకు, అంటే గుంటూరు రైతులు జెమిని వైరస్ అని పిలిచేదానికి తట్టుకునే హైబ్రిడ్లుగా ‘అర్క తేజస్వి’, ‘అర్క యశస్వి’ వంటివి ఇటీవల వచ్చాయి. వాటి విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం.

ఇక ఈ మధ్య ప్రపంచ విత్తన వ్యాపారాన్ని వణికించిన సంఘటన మరొకటి. అడవి టమాటా నుంచి వచ్చిన టీఎం-2² అనే జన్యువు టమాటా మొజాయిక్ వైరస్‌ను దాదాపు అర్ధ శతాబ్దం ఆపింది. నిరోధకత ఇంతకాలం నిలవడం అరుదు. 2014లో దక్షిణ ఇజ్రాయెల్ గ్రీన్‌హౌస్‌లలో ఆ జన్యువున్న టమాటాలకే మచ్చలు, కాయ మీద గోధుమరంగు గరుకు మరకలు కనిపించాయి. కొత్త వైరస్, టమాటా బ్రౌన్ రుగోజ్ ఫ్రూట్ వైరస్ అని తేలింది. జోర్డాన్‌లో 2015లో బయటపడింది. దీనికి తెల్లదోమ అక్కర్లేదు. చేతులకు, బట్టలకు, కత్తెరకు అంటుకుని పాకుతుంది, విత్తనం పైపొర మీద కూడా ప్రయాణిస్తుంది. ఒక దేశంలో తయారైన హైబ్రిడ్ విత్తనం మరో దేశంలో నారుగా మారే ఈ కాలంలో దానికి దారులు తెరిచే ఉన్నాయి. యూరోపియన్ యూనియన్ 2019లో అత్యవసర నిబంధనలు తెచ్చింది. 2020లో డచ్ కంపెనీ ఎంజా జాడెన్ దీన్ని గట్టిగా ఆపే కొత్త జన్యువు దొరికిందని ప్రకటించింది. అర్ధ శతాబ్దం నిలిచిన కోట పడ్డాక మరో కోట కట్టడానికి ప్రపంచంలోని పెద్ద విత్తన కంపెనీలన్నీ పరుగు తీయాల్సి వచ్చింది.

రైతు చేతికి వచ్చే పాకెట్లోని గింజ ఎలా తయారవుతుందో కూడా చెప్పుకోవాలి. కర్ణాటకలోని రాణెబెన్నూరు చుట్టుపక్కల పొలాల్లో టమాటా, బెండ, మిరప హైబ్రిడ్ విత్తనాలు చేతిపనితో తయారవుతాయి. తల్లి లైనులో రేపు విచ్చుకోబోయే మొగ్గను చూసి, చిమటాతో కేసరాల గొట్టాన్ని తీసేస్తారు. మర్నాడు ఉదయం తండ్రి లైను పుప్పొడిని కీలాగ్రానికి అంటిస్తారు. ఒక్కో పువ్వుకూ ఇదే పని. ఎక్కువగా చేసేది ఆడవాళ్లు. వాళ్ల వేళ్ల నేర్పు తప్పితే స్వీయ పరాగ సంపర్కం జరిగి తల్లి గింజే పుడుతుంది, తండ్రి ఇచ్చిన టీవై జన్యువు ఆ గింజలో ఉండదు. శాస్త్రవేత్త ప్రయోగశాలలో పదేళ్లు పడిన శ్రమ చివరికి ఈ చిమటా కొన మీద ఆధారపడుతుంది.

విత్తనం మంచిదైనా మిగతా పని రైతు చేతిలోనే ఉంది. నారు పెంచేటప్పుడు తెల్లదోమ దూరని సన్న రంధ్రాల వల కింద ప్రోట్రేలలో పెంచడం, పొలం చుట్టూ జొన్న, మొక్కజొన్న రెండు మూడు వరుసలు వేయడం, పసుపు జిగురు అట్టలు కట్టడం, తొలి రోజుల్లోనే ముడత కనిపించిన మొక్కను పీకి పారేయడం, పాత పంట కంపను వెంటనే తొలగించడం. నిరోధక విత్తనం వేశామని ఇవన్నీ మానేస్తే పొలంలో వైరస్ మోతాదు పెరుగుతుంది. వైరస్ ఎక్కువైనకొద్దీ దానిలో మార్పులూ ఎక్కువే, ఆ మార్పుల్లో ఏదో ఒకటి టీవై జన్యువును దాటే అవకాశమూ ఎక్కువే. అడవి టమాటా నుంచి తెచ్చుకున్న ఒక్కో జన్యువు వెనుక ఒకటి రెండు దశాబ్దాల పని ఉంది. వాటిని నిర్లక్ష్యంగా ఖర్చు చేస్తే వాటి స్థానంలో పెట్టడానికి వెంటనే దొరికేవి తక్కువ.

కాబట్టి విత్తన దుకాణంలో ‘వైరస్ రాని రకం’ అని చేతిలో పెట్టినప్పుడు రైతు నాలుగు మాటలు అడగాలి. ఏ వైరస్‌కు? పూర్తిగా ఆపేదా, తట్టుకునేదా? ఈ జిల్లాలో పరీక్షించారా? ఏ కాలానికి? మొక్కల రకాల రక్షణ, రైతుల హక్కుల చట్టం (2001) ప్రకారం నమోదైన రకం విత్తనాన్ని రైతుకు అమ్మినప్పుడు, ఆ రకాన్ని రూపొందించినవారు దాని నుంచి ఎలాంటి ఫలితం ఆశించవచ్చో రైతుకు చెప్పాలి. అది చెప్పినట్టు రాకపోతే పరిహారం కోరే హక్కు రైతుకు ఉంది. ఆ హక్కు పనికి రావాలంటే విత్తనం కొన్న రసీదు, ఖాళీ పాకెట్, అందులో మిగిల్చిన కొన్ని గింజలు పంట పూర్తయ్యేదాకా దాచుకోండి.